రోజూ ఆఫీసుకు, అప్పుడప్పుడు ట్రాక్‌కు ఒకే జీఆర్86: ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

ఎర్రకూపే_ఫ్రిస్కో
నా దగ్గర 2023 టయోటా జీఆర్86 ఉంది. మాన్యువల్ గేర్‌బాక్సు, ప్రీమియం ట్రిమ్. ఫ్రిస్కో నుంచి డల్లాస్ డౌన్‌టౌన్‌లోని ఆఫీసుకు రోజూ ఇందులోనే వెళ్తాను, సాయంత్రం అమ్మాయిని బడి నుంచి తీసుకొచ్చేదీ ఇందులోనే, కాబట్టి వెనక చైల్డ్ సీటు ఎప్పుడూ బిగించే ఉంటుంది. సెలవు దినాల్లో క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్‌కు, వీలైతే ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌కు ట్రాక్ డేలకు వెళ్తున్నాను. కారుకు ఇంతవరకు ఏ మార్పూ చేయలేదు.

ట్రాక్ మీద మూడు విషయాలు గమనించాను. నాలుగైదు ల్యాపులు గట్టిగా తిరిగేసరికి బ్రేక్ పెడల్ మెత్తబడుతోంది. ముందు టైర్లు బయటి అంచులో మాత్రమే అరిగిపోతున్నాయి. ఎండాకాలంలో ఆయిల్ ఉష్ణోగ్రత 270 ఫారెన్‌హీట్ దాటుతోంది. మొత్తం 5,000 డాలర్ల వరకు పెట్టగలను. నా మనసు కాయిలోవర్ల (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, డ్యాంపర్ జతల) మీద, మంచి ఎగ్జాస్ట్ మీద ఉంది. అయితే ఎవరిని అడిగినా తమ కారుకు వేసుకున్న భాగం పేరే చెబుతున్నారు తప్ప, ఏది ముందు, ఏది తర్వాత, ఎందుకు అన్నది ఎవరూ వివరించడం లేదు.

నట్టుబోల్టు
మీరు చెప్పిన మూడింటిలో మొదటిది ప్రాణానికి సంబంధించినది కాబట్టి అక్కడే మొదలుపెట్టండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మామూలు డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా ఉండాలి, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి, బుడగలు నొక్కుకుపోతాయి, మీ కాలి కింద పెడల్ మెత్తబడుతుంది. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 వంటి ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా నిలబడుతుంది. ఈ పనికి అయ్యే ఖర్చు మీరు ఒక ట్రాక్ డేకి కొట్టించే పెట్రోలు కన్నా తక్కువ.

బెజవాడ_బాక్సర్
ఫ్లూయిడ్ మార్చుకోమనడంలో తప్పు లేదు, అది ఎలాగూ చేయాల్సిందే. అసలు తేడా కనిపించేది మాత్రం కాయిలోవర్లతోనే. నా జీఆర్86కు అవి వేసి అంగుళంన్నర దించాక కారు స్వభావమే మారిపోయింది. 5,000 చేతిలో ఉంచుకుని 30 డాలర్ల సీసా దగ్గర ఆగిపోవడం దేనికి?

పాతకాపు
పైన బాక్సర్ గారు చెప్పినదానితో సగమే ఏకీభవిస్తాను. ఆ తేడా తెచ్చింది కాయిలోవరా, దానితోపాటు చేయించిన అలైన్‌మెంటా అన్నది విడదీసి చూడాలి.

ఈ కారుకు వెనక డబుల్ విష్‌బోన్ రకం సస్పెన్షన్, ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ రకం ఉన్నాయి. కారు మలుపులో ఒరిగినప్పుడు స్ట్రట్ ఉన్న చక్రం బయటివైపుకు వాలుతుంది, ఆ వాలును పూరించేంత క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం, లోపలికైతే మైనస్) ఆ సస్పెన్షన్‌లో తనంతట తాను పుట్టదు. ఫ్యాక్టరీ నుంచి ముందు క్యాంబర్ దాదాపు సున్నా దగ్గరే వస్తుంది, కాబట్టి బరువంతా బయటి అంచు మీద పడుతుంది. ఎర్రకూపే గారి టైరు బయటి అంచులో అరగడానికి కారణం ఇదే, ఇందులో కారు లోపమేమీ లేదు. స్ట్రట్ కింద క్యాంబర్ బోల్టులు వేస్తే మైనస్ ఒకటిన్నర డిగ్రీల దరిదాపుకు వస్తుంది, పైన క్యాంబర్ ప్లేట్లు కూడా వేస్తే మైనస్ రెండున్నర, మూడు డిగ్రీలు సులభంగా అందుతాయి. ముందు టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సున్నా, వెనక చాలా కొద్దిగా టో ఇన్ పెట్టించండి. స్టాక్ (ఫ్యాక్టరీ నుంచి వచ్చిన) స్ప్రింగులు, స్టాక్ డ్యాంపర్లు అలాగే ఉంచి ఈ ఒక్క పని చేసినా కారు మలుపులోకి తిరిగే తీరు మారుతుంది, టైరు ఆయుష్షు కూడా పెరుగుతుంది.

ఇక అంగుళంన్నర దించడం గురించి. స్ట్రట్ కారును ఎక్కువగా దించితే కింది కంట్రోల్ ఆర్మ్ కోణం తిరగబడుతుంది, రోల్ సెంటర్ (కారు దేని చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు) కారు బరువు కేంద్రం కన్నా వేగంగా కిందికి దిగిపోతుంది, ఫలితంగా కారు ఇంకా ఎక్కువ ఒరగడానికి చూస్తుంది. దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకా గట్టి స్ప్రింగులు వేయాలి. చూడటానికి బాగుంటుందన్న మాట నిజమే, దానికి నేను అడ్డు చెప్పను.

బెజవాడ_బాక్సర్
చూడటానికి బాగుండటం కూడా ఒక ప్రయోజనమే కదండీ. సరే, మైనస్ మూడు డిగ్రీలు పెట్టుకుని రోజూ హైవే మీద తిరిగితే టైరు లోపలి అంచు తినేయదా? ఆ విషయం మీరు దాటవేశారు.

అలైన్‌మెంట్_అప్పారావు
తినేసేది ప్రధానంగా టోయే, క్యాంబర్ కాదు. క్యాంబర్ ఎక్కువగా ఉన్న టైరుకు టో అవుట్ కూడా తోడైతే అది ప్రతి మైలూ అడ్డంగా రాసుకుంటూ పోతుంది, లోపలి అంచు దారాలు బయటపడేదాకా మీకు తెలియదు కూడా. టో సున్నాలో ఉంటే రెండున్నర డిగ్రీలతో నిక్షేపంగా తిరగవచ్చు. మా షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది క్యాంబర్ మార్చుకుని టో సరిచూడకుండా వెళ్లిపోతారు. స్ట్రట్ దగ్గర క్యాంబర్ కదిపితే టో కూడా కదులుతుంది, కాబట్టి రెండూ ఒకేసారి మెషీన్ మీద చూడాల్సిందే.

గోదారిగట్టు
వెనక సీటులో చైల్డ్ సీటు పట్టిందన్న విషయమే నాకు ఇంకా మింగుడు పడలేదు. ముందు సీటులో కూర్చున్నవారి మోకాళ్ల పరిస్థితి ఏమిటి?

ఎర్రకూపే_ఫ్రిస్కో
ముందు సీటులో మా ఆవిడ కూర్చోరు, ఆ కారణం చేతనే ఆవిడకు వేరే కారు ఉంది.

సన్నీవేల్_సూర్యం
బ్రేక్ ప్యాడ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫ్లూయిడ్ మరగడం ఒకటి, ప్యాడ్ పట్టు తప్పడం వేరొకటి. పెడల్ మెత్తబడితే ఫ్లూయిడ్‌ను అనుమానించాలి, పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్‌ను అనుమానించాలి. రోజువారీకీ ట్రాక్‌కూ రెండింటికీ పనికివస్తుందని అమ్మే ప్యాడ్లు రెండు చోట్లా అరకొరగానే పనిచేస్తాయని నా అభిప్రాయం. అసలైన ట్రాక్ ప్యాడ్ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టదు, సిగ్నల్ దగ్గర కీచుమని వీధంతా వినిపిస్తుంది, దాని దుమ్ము రిమ్ములకు అంటుకుని తుప్పు మరకలవుతుంది. అందుకని నేను ట్రాక్ డే ముందు రాత్రి ప్యాడ్లు మార్చి, తిరిగి వచ్చాక స్టాక్‌వి వేసుకుంటాను. పద్ధతి తెలిస్తే పెద్ద పనేమీ కాదు.

ఎగ్జాస్ట్ గురించి ఒక మాట. మా దగ్గర లగూనా సెకా ట్రాక్‌లో చాలా రోజుల్లో 90 డెసిబెల్స్ హద్దు ఉంటుంది, దాటితే జెండా చూపి బయటికి పంపేస్తారు. కాలిఫోర్నియాలో స్మాగ్ (ఉద్గారాల) పరీక్ష సరేసరి. అన్నీ బేరీజు వేసుకుని నేను స్టాక్ సైలెన్సర్‌నే ఉంచుకున్నాను.

మూడోగేరు
టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు కదా, ఎర్రకూపే గారికి ఆ ఇబ్బంది ఉండదు. హెడర్ (ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాలు) మార్చి, ఇంజిన్ కంప్యూటర్‌ను ట్యూన్ చేయించుకుంటే 228 హార్స్‌పవర్ కాస్తా ఇంకొంచెం పెరుగుతుంది.

నట్టుబోల్టు
ఎత్తేసింది సేఫ్టీ పరీక్షను మాత్రమే. డల్లాస్, కాలిన్, డెంటన్, టారెంట్ కౌంటీల్లో ఉద్గారాల పరీక్ష అలాగే ఉంది, ఫ్రిస్కో ఎటువైపు చూసుకున్నా ఆ జాబితాలోనిదే. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం ఫెడరల్ చట్టం ప్రకారం కూడా నిషిద్ధం.

పైగా మొదటి తరం 86లో 2.0 లీటర్ల ఇంజిన్‌కు మధ్య ఆర్‌పీఎంలో టార్క్ గుంత ఉండేది, హెడర్, ట్యూన్ వేసుకుంటే అది పూడేది. ఆ రోజుల్లో ఆ ఖర్చుకు అర్థం ఉంది. ఈ కారులోని 2.4 లీటర్ల ఎఫ్ఏ24 ఇంజిన్‌కు 3,700 ఆర్‌పీఎం దగ్గరే పూర్తి టార్క్ అందుతోంది, పూడ్చడానికి గుంతే లేదు. అలవాటు మాత్రం మిగిలిపోయింది.

పాతకాపు
నట్టుబోల్టు గారు ఇంజిన్ మాట ఎత్తారు కాబట్టి మూడో సమస్యకు వస్తాను. నా దృష్టిలో ఈ కారును ట్రాక్‌కు తీసుకెళ్లేవారు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఆయిల్ గురించే, అది కూడా ఉష్ణోగ్రత ఒక్కటే కాదు.

ఇది బాక్సర్ ఇంజిన్. సిలిండర్లు నేలకు సమాంతరంగా ఇరుపక్కలా పడుకుని ఉంటాయి. పొడవైన మలుపులో కారు అదే వైపు సెకన్ల కొద్దీ నిలబడి తిరుగుతున్నప్పుడు ఆయిల్ బయటివైపు హెడ్‌లోకి చేరి అక్కడే ఉండిపోతుంది, సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) తిరిగి రావడానికి దారి దొరకదు. అప్పుడు కింద ఉన్న పికప్ గొట్టం ఆయిల్‌కు బదులు గాలిని పీల్చే అవకాశం ఉంది. ప్రెజర్ పడిపోయిన ఆ కాసేపూ బేరింగులకు రక్షణ ఉండదు. కుడివైపు మలుపుల్లో ఈ పడిపోవడం ఎక్కువని డేటా లాగర్ పెట్టుకుని చూసిన యజమానులు చాలామంది చెబుతారు. ఎర్రకూపే గారు వెళ్లే ఆస్టిన్ ట్రాక్‌లో 16, 17, 18 మలుపులు నిజానికి మూడు కావు, ఒకదానిలోకి ఒకటి కలిసిపోయిన ఒకే పొడవైన కుడి మలుపు. ఈ కారుకు సరిగ్గా ఇష్టం లేని ఆకారం అది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. స్టాక్ టైర్లతో ఈ సమస్య అంతగా బయటపడదు, ఎందుకంటే టైరు ముందే జారిపోతుంది. పట్టున్న టైర్లు వేసుకున్నకొద్దీ మలుపులో పక్కకు తోసే బలం పెరుగుతుంది, ఆయిల్ ఇంకా గట్టిగా హెడ్‌లోకి పోతుంది. కాబట్టి టైరు మార్చాలనుకునేవారు ఆ నిర్ణయంతోపాటే ఆయిల్ గురించి కూడా నిర్ణయించుకోవాలి. కనీస జాగ్రత్తలు చెబుతాను. ప్రతి సెషన్ ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ పై గీతకు ఉందో లేదో చూడండి. కారు డ్యాష్‌బోర్డులో ఆయిల్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది తప్ప ప్రెజర్ కనిపించదు, ఎర్ర దీపం వెలిగేసరికి ఆలస్యమైపోతుంది, అందుకని విడిగా ప్రెజర్ గేజీ పెట్టించండి. గేజీలో ప్రెజర్ పడిపోతున్నట్టు కనిపిస్తే అప్పుడు బ్యాఫిల్ (ఆయిల్ పక్కకు పోకుండా ఆపే అడ్డు పలక) ఉన్న ఆయిల్ పాన్ గురించో, ప్రెజర్ నిల్వ ఉంచే అక్యుసంప్ గురించో ఆలోచించవచ్చు.

బెజవాడ_బాక్సర్
నా కారుకు ఇంతవరకు ఏమీ కాలేదు.

పాతకాపు
మీ కారుకు ప్రెజర్ గేజీ ఉందా?

బెజవాడ_బాక్సర్
లేదు. మీ ప్రశ్నలోని ఉద్దేశం అర్థమైంది.

అలైన్‌మెంట్_అప్పారావు
ఉష్ణోగ్రతకు కూలర్ వేయించుకోవాలనుకుంటే థర్మోస్టాట్ ఉన్నదే తీసుకోండి. ఇది రోజూ ఆఫీసుకు వెళ్లే కారు. జనవరిలో డల్లాస్ చలిలో థర్మోస్టాట్ లేని కూలర్ ఉంటే ఆయిల్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, వేడెక్కని ఆయిల్‌లో తేమ, పెట్రోలు ఆవిరి కాకుండా మిగిలిపోతాయి. రేడియేటర్ నీటితో పనిచేసే హీట్ ఎక్స్ఛేంజర్ రకం మరో దారి. అది పొద్దున ఆయిల్‌ను త్వరగా వేడెక్కిస్తుంది, ట్రాక్ మీద కొంతమేరకే చల్లబరుస్తుంది. కారు ముందు ఆయిల్ గొట్టాలు లేకపోవడం కూడా ఒక లాభమే, ఎందుకంటే బంపర్ ముందు కూలర్‌కు రాయి తగిలిందంటే ఆయిల్ అంతా రోడ్డు పాలు.

హైదరాబాదీ_86
జీఆర్86 మన దేశంలో అమ్మకానికే లేదు, నా పేరు చూసి మోసపోకండి. ఇక్కడ ఫోర్డ్ మస్టాంగ్ నడుపుతూ చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని 3.717 కిలోమీటర్ల ట్రాక్‌కు వెళ్లే మిత్రుల గుంపులో నేనొకణ్ణి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కారణంగా తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చడం మాకు చిక్కే. అందుకని మేము పట్టుకున్న దారి ప్యాడ్లు, ఫ్లూయిడ్, అలైన్‌మెంట్, అదే సైజులో మెరుగైన టైర్లు. చట్టం భయంతో మొదలుపెట్టిన జాబితా, ఇప్పుడు పాతకాపు గారు తర్కంతో చెబుతున్న జాబితా ఒకటే కావడం నాకు నవ్వు తెప్పించింది. కాయిలోవర్ల మాటంటారా, మా కాలనీ స్పీడ్ బ్రేకర్లు దాని గురించి ఎప్పుడో తీర్పు చెప్పేశాయి.

స్టుట్‌గార్ట్_శర్మ
జర్మనీలో ఆమోదపత్రం లేని భాగం వేస్తే టీయూవీ (వాహన తనిఖీ సంస్థ) వారి దగ్గర పరీక్ష చేయించి కాగితాల్లో ఎక్కించాలి, లేకపోతే కారు రోడ్డు మీద తిరిగే అనుమతే రద్దవుతుంది. దీనివల్ల ఒక మేలు జరుగుతుంది. ఏ భాగం కొనేముందైనా ఈ కాగితాల శ్రమకు తగ్గ ప్రయోజనం ఉందా అని ఆలోచిస్తాం. నేను ఆలోచించి మానుకున్న భాగాల జాబితా వేసుకున్నవాటికన్నా పొడవైనది.

మూడోగేరు
అందరూ వద్దు వద్దు అనేవారే. కనీసం బకెట్ సీటు, హార్నెస్ వేసుకోమనండి. మలుపులో మోకాలితో తలుపును నెట్టుకుంటూ కూర్చోవడం ఎంతకాలం?

నట్టుబోల్టు
ఇందులో రాజీ లేదు, వద్దనే అంటాను. హార్నెస్ మనిషిని నిటారుగా బిగించి ఉంచుతుంది. కారు పల్టీ కొట్టి పైకప్పు కిందికి నొక్కుకుపోతే మామూలు బెల్టులో శరీరం పక్కకు ఒరిగే వీలుంటుంది, హార్నెస్‌లో ఉండదు. రోల్ బార్ లేకుండా హార్నెస్ వాడకూడదు. రోల్ బార్ వేస్తే హెల్మెట్ లేకుండా రోడ్డు మీద నడిపేటప్పుడు దానికి తల తగిలే ప్రమాదం, వెనక పిల్ల కూర్చుంటే మరీ ప్రమాదం. బకెట్ సీటుతో స్టాక్ సీటులోని సైడ్ ఎయిర్‌బ్యాగ్ పోతుంది. అదీగాక ఇది రెండు తలుపుల కారు, వెనక్కి వెళ్లాలంటే ముందు సీటు మడవాలి. మడతపడని బకెట్ సీటు వేస్తే అటువైపు నుంచి అమ్మాయిని ఎక్కించే దారి మూసుకుపోతుంది.

గోదారిగట్టు
ఇంతసేపటికి ఆ అమ్మాయి గురించి ఆలోచించినవారు ఒకరు కనిపించారు.

సన్నీవేల్_సూర్యం
టైర్ల విషయంలో నా సలహా: రెండో జత రిమ్ములు. మీ స్టాక్ 18 అంగుళాల రిమ్ముల మీద 215/40 మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 ఉంటాయి, వాటిని రోజువారీకి ఉంచేయండి. ట్రాక్‌కు 9 అంగుళాల వెడల్పున్న 17 అంగుళాల రిమ్ములు తీసుకుని 245/40 సైజులో 200 ట్రెడ్‌వేర్ (మెత్తని రబ్బరు, ఎక్కువ పట్టు ఉండే) టైర్లు వేయండి. వాటినే రోజూ తిప్పితే త్వరగా అరుగుతాయి, లోతు తక్కువైన గాడుల వల్ల మీ టెక్సస్ కుంభవృష్టిలో నీటి మీద తేలిపోతాయి. వెనక సీటు మడిస్తే నాలుగు చక్రాలూ కారులోనే పడతాయి, ట్రెయిలర్ అక్కరలేదు. చైల్డ్ సీటు మాత్రం ఆ రోజుకు గ్యారేజీలో ఉండాలి.

పాతకాపు
సూర్యం గారి మాటకు నాదొక సవరణ. మొదటి ఏడాది స్టాక్ టైర్లతోనే నడపమంటాను. పైలట్ స్పోర్ట్ 4 జారేముందు కూతపెట్టి హెచ్చరిస్తుంది, నెమ్మదిగా జారుతుంది, నేర్చుకునేవారికి అది మేలు. పైన నేను చెప్పిన ఆయిల్ సమస్య కూడా అప్పటిదాకా అదుపులో ఉంటుంది.

బెజవాడ_బాక్సర్
కాయిలోవర్లంటే ఆవకాయ లాంటివని అర్థమైంది, ఎవరి ఇంటివి వారికి గొప్ప. అయినా ఒక్క మాట అడుగుతాను. అసలు ఎప్పటికీ వద్దంటారా?

పాతకాపు
వద్దనడం లేదు. స్టాక్ డ్యాంపర్లు అరిగాక, లేదా 245 టైర్ల పట్టుకు స్టాక్ స్ప్రింగులు చాలడం లేదని మీకే తెలిసినప్పుడు తీసుకోండి. అప్పుడు కూడా దించే ఎత్తు చూసి కొనకుండా డ్యాంపర్ నాణ్యత చూసి కొనండి. చవక కాయిలోవర్లలో గట్టి స్ప్రింగు ఉంటుంది, దాన్ని అదుపు చేసే డ్యాంపర్ ఉండదు. ఎగుడుదిగుడు హైవే మీద అది చక్రాన్ని నేల మీద ఆననివ్వదు.

వకీలు_వరప్రసాద్
ఖర్చుల జాబితాలో బీమాను చేర్చడం ఎవరికీ గుర్తులేదు. మామూలు కారు పాలసీల్లో చాలావాటిలో రేస్ ట్రాక్ మీద జరిగిన నష్టానికి మినహాయింపు ఉంటుంది, పోటీ కాకపోయినా సరే. పాలసీ కాగితం చదివి చూసుకోండి, అవసరమైతే ఆ ఒక్క రోజుకు విడిగా ట్రాక్ డే బీమా తీసుకోండి. వారంటీ విషయానికొస్తే, 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి భాగం వేసినంత మాత్రాన వారంటీ మొత్తం పోదు, ఆ భాగం వల్లే చెడిందని కంపెనీ చూపాలి. ఆచరణలో ఆ వాదన కౌంటర్ దగ్గర గెలవడం కష్టం, కాబట్టి ఆయిల్ మార్పించిన ప్రతి రసీదూ దాచుకోండి.

ఎర్రకూపే_ఫ్రిస్కో
అందరి మాటలూ కలిపి ఇలా అనుకుంటున్నాను. ఈ నెలలో బ్రేక్ ఫ్లూయిడ్, ముందూ వెనకా ట్రాక్ ప్యాడ్లు. తర్వాత క్యాంబర్ ప్లేట్లు, ముందు మైనస్ రెండున్నర డిగ్రీలు, టో సున్నా. ఎండాకాలం లోపు ఆయిల్ ప్రెజర్ గేజీ, థర్మోస్టాట్ ఉన్న కూలర్. రిమ్ములు, టైర్లు వచ్చే ఏడాదికి. ఎగ్జాస్ట్ కొట్టివేశాను. మిగిలిన డబ్బుతో మరిన్ని ట్రాక్ డేలు, బీమాతో సహా. ఒక సందేహం మిగిలింది. ఆస్టిన్‌లో 12వ మలుపు దగ్గరే నాకు పెడల్ మెత్తబడేది, మొదటి మలుపు దగ్గర ఎప్పుడూ మెత్తబడలేదు. ఎందుకు?

సన్నీవేల్_సూర్యం
మొదటి మలుపు దాదాపు 40 మీటర్ల ఎక్కుడు, అక్కడ కొంత బ్రేకు పని కొండే చేసిపెడుతుంది. 12వ మలుపుకు ముందు కిలోమీటరు పొడవైన స్ట్రెయిట్ ఉంది, చివర ఆ సాయం ఉండదు, వేడంతా మీ డిస్కులే మోయాలి. ప్లాను బాగుంది. సెషన్ చివర ఒక ల్యాపు నెమ్మదిగా తిరిగి బ్రేకులు చల్లారాకే లోపలికి రండి.

అలైన్‌మెంట్_అప్పారావు
లోపలికి వచ్చాక హ్యాండ్ బ్రేక్ లాగకండి, కారును గేరులో పెట్టి చక్రం కింద అడ్డు పెట్టండి. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ వీల్ నట్లు టార్క్ రెంచితో 120 న్యూటన్ మీటర్లకు బిగించి, మొదటి సెషన్ అయ్యాక చల్లారనిచ్చి మళ్లీ ఒకసారి చూసుకోండి. అలైన్‌మెంట్‌కు వచ్చేటప్పుడు చైల్డ్ సీటు తీయనక్కరలేదు, డ్రైవరు బరువు మాత్రం కావాలి. మిమ్మల్నే సీటులో కూర్చోబెట్టి చూస్తాం.